ఆపమన్న చెయ్యి

క్రేను కింద నిలబడేవాడికి నోటితో పని లేదు, చేతులుంటే చాలు. ప్రెస్సు షాపులో యంత్రాలు ఇనుప రేకుల్ని గుద్దుతుంటే చెవి పక్కన పిడుగు పడ్డా వినపడదు. సంగయ్య చూపుడువేలు పైకెత్తి గాలిలో చిన్న సున్నా చుడితే, పైన గాజు క్యాబిన్‌లో కూర్చున్న దేవరాజ్ బరువును లేపుతాడు. వేలు నేలకు తిప్పి చుడితే దించుతాడు. బొటనవేలు ఎటు చూపిస్తే క్రేను అటు నడుస్తుంది. ఏళ్ల తరబడి వాళ్లిద్దరూ ఇట్లాగే మాట్లాడుకున్నారు. పెళ్లాంతో నోటితో ఆడిన మాటలకన్నా దేవరాజ్‌తో చేతులతో ఆడినవే ఎక్కువని తోటివాళ్లు సంగయ్యను వెక్కిరిస్తారు కూడా.

పని నేర్పిన మొదటి రోజే దేవరాజ్ ఒక మాట చెప్పాడు. "లేపుమన్నా దించుమన్నా ఒక్కని చెయ్యే చూస్త. ఆపుమంటే మాత్రం ఎవని చెయ్యైనా సరే. ఊడ్శేటోడు ఆపుమన్నా ఆపాలె. ఎందుకని అడగొద్దు. ఆపినంక అడగాలె."

ఆ సోమవారం ట్రాక్టరు బానెట్‌ను ఒత్తే అచ్చు, రెండెడ్ల బండి అంత ఉంటుంది, నాలుగు గొలుసుల మీద వేలాడుతోంది. సంగయ్య వేలు కిందికి చుడుతూ దాన్ని కట్టె దిమ్మల మీదికి దించుతున్నాడు. అంతలో ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అచ్చు నేలకానేదాకా అతను కదలలేదు. గొలుసులు వదులయ్యాక ఒక్కొక్క కొక్కెమూ విప్పి, చేతి తొడుగులు తీసి వెనక జేబులో దోపుకొని వెళ్లాడు. పోతూ పైకి చూశాడు. దేవరాజ్ క్యాబిన్‌లోంచి బొటనవేలు ఎత్తి నవ్వాడు. నెలాఖరుకు దేవరాజ్ పదవీ విరమణ. ఆ కుర్చీలోకి ఎక్కేది సంగయ్యే. కాంట్రాక్టు కూలీగా చేరినవాడు కంపెనీ మనిషి అవుతాడు. పిలుపు దాని గురించే అని ఇద్దరూ అనుకున్నారు.

సిబ్బంది వ్యవహారాలు చూసే మురళీకృష్ణ సంగయ్యను కూర్చోమని కుర్చీ చూపించాడు, నీళ్ల సీసా ముందుకు జరిపాడు. ఆయనది గుంటూరు వైపు. కఠినమైన మాటను కూడా పంచె మడతపెట్టినట్టు మెత్తగా మడిచి చెప్తాడు.

"మెడికల్లో నీ ఈసీజీ బాగా రాలేదు సంగయ్యా. గుండె ఎడమ గోడ బాగా మందమెక్కిందని వచ్చింది. క్రేను సీటు సంగతి అట్లా ఉంచు, కింద నిలబడటానికి కూడా కుదరదు. బరువు వేలాడుతుండగా నువ్వు పడిపోతే పక్కవాళ్ల గతేంటి, చెప్పు?"

సంగయ్య ఎదుట బల్ల మీద తన కాగితం ఉంది. దాని మీద గళ్లలో గుండె గీతలు తాటిచెట్లలా నిటారుగా ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి ఉన్నాయి. పైన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో బారెడు పొడుగుంది. సంగయ్య, తండ్రి వీరప్ప, ఊరు మామిడ్గి, మండలం న్యాల్‌కల్. వేరెవరిదో అనుకోవడానికి సందు లేదు.

దేవరాజ్‌ను ఇంకో ఏడాది ఉండమని అడుగుతామని మురళీకృష్ణ చెప్పాడు. గురువారం వచ్చి బూట్లు, హెల్మెట్ అప్పజెప్పి లెక్క చూసుకొమ్మన్నాడు.

"ఇయ్యాల బూట్లు ఏసుకొని పోవచ్చా సార్?" అని అడిగాడు సంగయ్య. అతను అడిగింది అదొక్కటే.

* * *

అనంతమ్మ కొడుకు మాట విని ఏడవలేదు. చెరువెండినా చెలమ తవ్వుకునే రకం ఆమె. అతని చేతిలోంచి నీళ్ల బిందె తీసుకుంది. ఆ తర్వాత ఇంట్లో అతను ఏది ముట్టుకున్నా ఎవరో ఒకరు వచ్చి తీసుకున్నారు. జొన్నల సంచి మీద చెయ్యి వేస్తే తల్లి. గొడ్డలి పడితే పెళ్లాం. కోడెదూడ కట్టు తెంపుకొని ఉరికితే, పట్టుకుందామని అతను లేచేలోపు పక్కింటి ముసలాయన పరుగెత్తాడు. ఆయనకు డెబ్భై దాటాయి. దూడను కట్టేసి, రొప్పుతూ వచ్చి మంచం అంచున కూర్చొని సంగయ్యకు ధైర్యం చెప్పాడు.

"గుండె గోడ మందమైతే మంచిదే గదరా. మనూర్ల గోడలన్ని పలుచగున్నయనే గద వానకు కూల్తయి."

అందరూ నవ్వారు. సంగయ్య కూడా నవ్వాడు. నవ్వుతున్నట్టు మొహానికి తెలిసింది, లోపలికి తెలియలేదు. పన్ను పీకే డాక్టరు సూది వేశాక దవడ ఎట్లా ఉంటుందో అతని ఒళ్లంతా అట్లా ఉంది. కరిచినా తన కండే అనిపించదు.

పెళ్లాం మనోరమ తెల్లారకముందే అల్లం తవ్వే కూలికి పోయేది. సాయంత్రం వచ్చి, గోళ్ల సందుల్లో మట్టి పుల్లతో తీసుకుంటూ అతని పక్కన కూర్చునేది. ఆమె ఒళ్లంతా అల్లం ఘాటు. సోమవారం ఆమె అడిగింది, నొస్తుందా అని. లేదన్నాడు. మంగళవారం మళ్లీ అడిగింది. కొంచెం ఉన్నట్టుందన్నాడు. అబద్ధం కాదు. పొద్దంతా చెయ్యి ఎదమీద పెట్టుకొని కూర్చుంటే ఎవరికైనా లోపల ఏదో ఒకటి తగులుతుంది.

అనంతమ్మ ఝరాసంగం గుడి నుంచి విభూతి తెప్పించి అతని ఎదకు రాసింది. ఆ స్వామి పేరే కొడుకుకు పెట్టుకుంది. ఆ చుట్టుపట్ల ఇల్లిల్లూ పెట్టుకుంది. కూడలిలో నిలబడి సంగయ్యా అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు.

"మొక్కు ఏమన్న తప్పినమా కొడుకా?" అంది.

"తప్పలేదే అవ్వా," అన్నాడు.

* * *

బుధవారం పొద్దున ఫోను మోగింది. జహీరాబాద్‌లో కంపెనీ వాళ్లకు పరీక్షలు చేసే సెంటరు నుంచి నాగశ్రీ. ఈసీజీ తీసేది ఆమే. "సంగయ్య గారూ, ఒక్కసారి రాగలరా? డబ్బులేమీ వద్దండి," అంది. ఎందుకో చెప్పలేదు. గొంతు మాత్రం బాగా లేదు.

సంగయ్య బీదరు రోడ్డెక్కి బస్సులో వెళ్లాడు. నాగశ్రీ అతన్ని రెక్సీను బల్ల మీద పడుకోబెట్టి, దూదితో ఎద మీది విభూతి తుడిచింది. చల్లటి జిగురు రాసి, రబ్బరు బుడ్డీలు ఒక్కొక్కటే నొక్కి ఎడమ వైపు వరసగా అతికించింది. అవి పసిపిల్లల నోళ్లలా చర్మాన్ని పీల్చి పట్టుకున్నాయి. మణికట్లకు, చీలమండలకు క్లిప్పులు పెట్టింది. ఊపిరి మామూలుగా తీసుకోమంది. కంప్యూటర్లో పేరు దగ్గర సంగయ్య అని మాత్రమే కొట్టి ఆగింది. కాగితం వచ్చింది. గీతలు చిన్నచిన్నగా, నాట్లు వేసిన మడిలా వరసగా ఉన్నాయి.

ఆమె పక్క గదిలోంచి వికాస్‌ను పిలిచింది. సెంటరు కంప్యూటర్లు చూసేది అతనే. మొగుడంపల్లి పిల్లాడు, హైదరాబాద్‌లో చదివి వచ్చాడు. కాగితం చూసి స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"అన్నా, నీ గుండెకేం కాలే. ముందుగాల గది విను," అన్నాడు.

సంగయ్య విన్నాడు. బుడ్డీలు ఇంకా ఎద మీదే ఉన్నాయి.

మిషను గుండె చప్పుడును అంకెలుగా పంపుతుందట. ఆ అంకెల్ని గీతలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందట. ఎక్కడెక్కడో ఉండే మనుషులు కొందరు రాసి, ఎవరైనా వాడుకోమని ఊరికే ఇచ్చారు. అందులో పేరుకు కొంత చోటు, దాని పక్కనే గీతను ఎన్నింతలు పెంచి చూపాలో చెప్పే అంకెకు కొంత చోటు.

"మడులు అనుకోరాదే. పేరు ఒక మడి, పెంచే లెక్క పక్క మడి. నడుమ గట్టు ఉండాలె. ఆ రాసినోళ్లు గట్టు ఎయ్య మర్శిన్రు. పేరు పొట్టిగుంటే ఏం కాదు. పొడుగైతే అక్షరాలు పొంగి పక్క మడిలవడ్తయి. గప్పుడు లెక్క పాడైతది. కొందరి గీత ఇంతకు ఇంత లేస్తది, కొందరిది అణుగుతది. ఏ అక్షరం పొంగిందో దాన్ని బట్టి."

"గట్టు లేదని తెల్వదా వాళ్లకు?"

వికాస్ మెడ గోక్కున్నాడు. తెలిసిందట. కనిపెట్టి, సరిచేసి, పాతది తీసేసి కొత్తది వేసుకొమ్మని అందరికీ చెప్పారట కూడా. వికాస్ అది చదివాడు. దొంగలు ఎవరైనా కావాలని చెడ్డ ఫైలు తయారుచేసి పంపితే కంప్యూటరు వాళ్ల చేతికి చిక్కుతుందని అందులో ఉంది. "మన జహీరాబాద్ ఈసీజీకి దొంగలెందుకొస్తరు అనుకున్న అన్నా. ఉత్త పేరు పొడుగైతే చాలని అనుకోలే."

అప్పుడు నాగశ్రీ అందుకుంది. పేరు పొడుగు చేసింది తనేనంది. పోయినేడు ఇద్దరు సంగయ్యల కాగితాలు తారుమారయ్యాయి. మళ్లీ అట్లా జరగకూడదని ఈసారి ప్రతి ఒక్కరికీ తండ్రి పేరు, ఊరు, మండలం అన్నీ పేరులోనే కొట్టింది. "జాగ్రత్త కోసమే చేశానండి," అంది. ఆమె వేళ్లు ఒక్కొక్క బుడ్డీనీ నొక్కి తీస్తున్నాయి. తీసిన చోటల్లా గుండ్రంగా కందిన మచ్చ మిగిలింది.

సంగయ్యకు సంతోషం రావాలి. దాని కోసం కాసేపు చూశాడు. రాలేదు. మనసు ఇంకా మొన్నటి కాగితం దగ్గరే ఉండిపోయింది.

"అణుగుతది అన్నవు గదా," అన్నాడు వికాస్‌తో. "అణిగితే ఏమైతది?"

"రోగమున్నా కనపడదు. మామూలుగ ఉందని రాస్తది."

పరీక్షల రోజు వరసలో సంగయ్య ముందు నిలబడింది దేవరాజ్. నాగశ్రీ ఊరు అడిగితే ఆయన ఆమెను ఆట పట్టించాడు. రాసుకో తల్లీ, దేవరాజ్, తండ్రి బసవణ్ణప్ప, చిట్టగుప్ప, హుమ్నాబాద్ తాలూకా, బీదర్ జిల్లా, కర్ణాటక, పిన్ కోడ్ కూడా చెప్తానన్నాడు. ఆమె నవ్వుతూ అంతా కొట్టింది. ఆయన కాగితం శుభ్రంగా వచ్చింది. పడుచువాడి గుండె అన్నారని షాపంతా చెప్పుకున్నాడు. అదే మనిషి ఈ నెలంతా ఎడమ భుజానికి బాము రాసుకుంటున్నాడు. అన్నం తినగానే గ్యాసు గోలీ వేసుకుంటున్నాడు.

మిగిలినవాళ్లను ఎప్పుడు పిలుస్తారని సంగయ్య అడిగాడు. నాగశ్రీ, వికాస్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొత్తది ఇవాళే వేస్తున్నారు. కానీ పాత కాగితాల గురించి ఎవరికీ చెప్పొద్దని సెంటరు యజమాని అన్నాడట, వచ్చే ఏడు ఎలాగూ పరీక్షలుంటాయి కదా అని. పేర్లు పొడుగు చేశాకే గీతలు వింతగా వస్తున్నాయని అనుమానం వచ్చి, సంగయ్యను పిలిచింది నాగశ్రీ సొంతంగానే.

"తప్పినవాళ్లయితే వచ్చి అడుగుతారండి," అంది ఆమె మెల్లగా. "పాసైనవాళ్లు ఎందుకొస్తారు?"

* * *

సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు సంగయ్య గేటు ఎదుటి చాయ్ హోటల్లో కూర్చున్నాడు. దేవరాజ్ వచ్చి, అతన్ని చూసి మొహం విప్పార్చుకొని, రెండు చాయ్‌లు చెప్పాడు. ఒంట్లో ఎట్లా ఉందని అడిగాడు. బిస్కెట్ తినమని బలవంతం చేశాడు. సంగయ్య మడుల సంగతి అంతా చెప్పాడు. దేవరాజ్ తల ఊపుతూ విన్నాడు. సంగయ్య గుండె బాగుందన్నప్పుడు తొడ మీద చరిచాడు. ఆ తర్వాతి మాట దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది.

"కాకా, నీది కూడ మల్లొకసారి తీపిచ్చుకో. నీ పేరు నాకన్న పొడుగున్నది."

దేవరాజ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నేను దిగితే ఎక్కేది ఎవడు?"

సంగయ్య చేతిలోని బిస్కెట్ బల్ల మీద పెట్టాడు.

"కుర్శీ గావాల్నంటే కుర్శీ అడుగు సంగా. ఇస్త. నీకు పని నేర్పినోన్ని నేను. ఏడాది ఉండుమన్నరు కాబట్టి ఉన్న, బతిమిలాడి ఉండలే. నా గుండెకు వంక పెట్టి నన్ను దింపకు."

"కుర్శీ కోసం కాదు కాకా."

"మరెందుకు? నీది తప్పైతే నీది తప్పు. నాది మంచిగొస్తే అది కూడ తప్పేనా?" చాయ్ పైసలు బల్ల మీద పెట్టి, ఎడమ చెయ్యి కుడి చేత్తో పిసుక్కుంటూ వెళ్లిపోయాడు. గ్లాసులో చాయ్ సగం మిగిలింది. ఆ మనిషి చాయ్ వదిలిపెట్టడం సంగయ్య ఎన్నడూ చూడలేదు.

* * *

గురువారం మురళీకృష్ణ కొత్త కాగితాన్ని చాలాసేపు చూశాడు. పాతది తీసి పక్కన పెట్టాడు.

"ఇందులో ఉన్నది ఒట్టి సంగయ్య," అన్నాడు. "మన గేటు లోపలే ఎంతమంది సంగయ్యలున్నారో నీకు తెలుసు. చెడ్డది నీదేనని తండ్రి పేరుతో సహా ఉంది. మంచిది నీదేనని పైవాళ్లకు నేనెట్లా చెప్పను?"

మాటలో వెటకారం లేదు. అది నిజమైన ఇబ్బందే. సంగయ్య లేచి నిలబడి చొక్కా గుండీలు విప్పాడు. ఎడమ ఎద మీద రొమ్ము కింది నుంచి చంకదాకా బుడ్డీల మచ్చలు గుండ్రంగా, వరసగా ఉన్నాయి. రంగు దిగినా ఇంకా తెలుస్తున్నాయి.

"నిన్నటియి సార్. గా కాగితం మీద కూడ నిన్నటి తారీఖే ఉన్నది."

మురళీకృష్ణ ఆ మచ్చల వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. గుండీలు పెట్టుకొమ్మన్నాడు. ఆయన బల్ల మీది పలకపై పేరు ఇంటిపేరు పొడి అక్షరంతో కలిపి పొందిగ్గా ఉంది. ఏ మడిలోనూ పొంగదు. సంగయ్య దాన్ని చూస్తూ గుండీలు పెట్టుకున్నాడు.

"సరే. సెంటరుకు ఫోన్ చేసి మాట్లాడతాను. పొరపాటైందని నీ ఒక్కడికి ఉత్తరం తెప్పిస్తాను. వచ్చే ఏడు దేవరాజ్ గారు దిగగానే సీటు నీదే. అందాకా కింద పని చేసుకో."

అప్పుడు సంగయ్య దేవరాజ్ సంగతి ఎత్తాడు. మురళీకృష్ణ వింటూనే తల అడ్డంగా ఊపాడు.

"అది నువ్వు కదపకు సంగయ్యా. నీ మంచికే చెప్తున్నా. ఇంకొకరిది కూడా తప్పేనంటే పైవాళ్లు ఆ సెంటరు కాగితాలన్నీ చెత్తబుట్టలో వేస్తారు. వాటితోపాటు నీ ఈ కాగితం కూడా పోతుంది. మళ్లీ కొత్త సెంటరు, కొత్త పరీక్షలు, అప్పటికి సీటు ఉంటుందో ఉండదో. అయినా దిగేది ఆయన, ఎక్కేది నువ్వు. చూసేవాళ్లేమనుకుంటారు?"

సంగయ్య కాగితం మడిచి పైజేబులో పెట్టుకున్నాడు. బూట్లు, హెల్మెట్ ఇక అప్పజెప్పనక్కర్లేదు, పోయి లాకర్లో పెట్టుకొమ్మన్నాడు మురళీకృష్ణ. తను కూడా అటే వస్తున్నానంటూ ఫోను చేతిలో పట్టుకొని లేచాడు.

లాకర్లకు దారి ప్రెస్సు షాపులోంచే. లోపలికి అడుగు పెట్టగానే గుద్దుడు కాళ్ల లోంచి పైకి పాకింది. పసుపు గీత అవతల సంగయ్య చోటులో రాయికోడ్ ఊరి మనిషొకడు నిలబడి వేలు చుడుతున్నాడు. బానెట్ అచ్చు పైకి లేస్తోంది. సంగయ్య అలవాటుకొద్దీ ఆగి చూశాడు.

అచ్చు ఊగుతోంది.

ఎక్కువ కాదు, జానెడు. కొత్తవాడికి తెలియను కూడా తెలియదు. కానీ దేవరాజ్ లేపిన బరువు ఊగడం సంగయ్య ఎరగడు. నిండు చెంబు పెట్టినా తొణకకుండా నడుపుతాడని పేరు. సంగయ్య తల ఎత్తాడు. గాజు వెనక దేవరాజ్ కుడి చేత్తోనే రెండు మీటలూ మార్చి మార్చి లాగుతున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉంది.

సంగయ్య హెల్మెట్ నెత్తిన పెట్టుకున్నాడు. పసుపు గీత దగ్గరికి నడిచి, గాజు క్యాబిన్‌కు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ బారచాపి, అరచేతులు నేలకు తిప్పి, అటూ ఇటూ ఊపాడు.

క్రేను ఆగింది.

రాయికోడ్ మనిషి వెనక్కి తిరిగి చూశాడు. గాజులోంచి దేవరాజ్ కూడా చూశాడు. ఎవరి చేతులో గుర్తుపట్టాడు. ఆయన మొహంలో కోపం కిందికి కనిపించేంతగా ఉంది. అయినా మీట కదల్చలేదు. సంగయ్య రాయికోడ్ మనిషికి సైగ చేశాడు. అతను వేలు నేలకు చుట్టాడు. అచ్చు మెల్లగా దిగి దిమ్మల మీద కూర్చుంది. గొలుసులు వదులయ్యాయి. సంగయ్య చేతులు దించలేదు. మళ్లీ ఊపాడు. అన్నీ ఆపు. దిగు.

షాపు వాకిట్లో మురళీకృష్ణ నిలబడిపోయాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు కానీ మాట్లాడటం లేదు. సంగయ్య ఆయన్ని చూశాడు. పైజేబులో కాగితం ఎదకు ఆని ఉంది. దాని గతి ఏమవుతుందో అతనికి తెలుసు. తెలిసినా చేతులు అట్లాగే ఉన్నాయి.

దేవరాజ్ క్యాబిన్ తలుపు తీసి నిచ్చెన పట్టుకున్నాడు. మొదట రెండు మూడు మెట్లు విసురుగా దిగాడు. నడిమధ్యలో ఆగాడు. నుదురు ఇనుప మెట్టుకు ఆనించి చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు. ఎవరో పైకి ఎక్కబోతే చెయ్యి ఊపి వద్దన్నాడు. తర్వాత ఒక్కొక్క మెట్టే, రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద ఆనించుకుంటూ దిగాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కాళ్లు నేలకు తగిలాక దగ్గర్లోని కట్టె దిమ్మ మీద కూలబడ్డాడు. పెదవులు తెల్లబడ్డాయి. యంత్రాలు ఒక్కొక్కటే ఆగాయి. ఆ షాపులో మనిషి గొంతు వినపడింది.

"ఆపిన గదా," అన్నాడు దేవరాజ్. "ఇప్పుడు అడుగుత. ఎందుకు ఆపుమన్నవు?"

సంగయ్య ఆయన ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"పా కాకా, పోదాం. ఆ మేడం పేరు అడిగితే దేవరాజ్ అని చెప్పు. గంతే. అయ్య పేరు, ఊరి పేరు ఏం చెప్పకు."

దేవరాజ్ కాసేపు అతని మొహంలోకి చూసి, లేవడానికి కుడి చెయ్యి అందించాడు. సంగయ్య పట్టుకొని లేపాడు. బరువంతా తన మీద పడ్డప్పుడు, ఇంతసేపు చాపి ఉంచిన రెండు రెట్టలూ భుజాల దాకా సలిపాయి. సోమవారం తర్వాత అతని ఒంటికి ఏదైనా తెలియడం అదే మొదలు.